రేవు జనం కోసం కట్టిన రాతి గదులు

నేను కట్టిన కట్టడాలు పల్నాటిలో ఇంకా చాలానే నిలబడి ఉన్నాయి. గురజాలలో రెండు మేడలు, మాచర్ల దారిలో ఒక సత్రం, లెక్కలేనన్ని బావుల ఒరలు. వాటి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు, నాకూ రాయాలని లేదు. నేనే కట్టి, రెండు నెలలు తిరక్కుండా నేనే గునపం పట్టి విప్పేసిన పన్నెండు గదుల గురించి రాస్తాను. వాటిని కట్టించిందీ విప్పించిందీ ఒకే మనిషి. కట్టించినప్పుడు ఆమె మీద నాకు మర్యాద ఉండేది. విప్పించినప్పటి నుంచీ ఆమెను తలుచుకుంటే లేచి నిలబడాలనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా అయిపోని రోజులు. నాకు ముప్పై దాటాయి. మా నాయన పోయాక చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నేనే తాపీ మేస్త్రీని. గోడ వంకర కంటితోనే చెప్పేవాణ్ని గానీ అక్షరం ముక్క రాదు. కాగితం తలకిందులుగా చేతిలో పెట్టినా తెలిసేది కాదు.

మా ఊరు కృష్ణకు రెండు మైళ్ల దూరంలో మెరక మీద ఉంటుంది. రాతినేల. తవ్వితే నాపరాయి, పరిస్తే నాపరాయి, గోడా కప్పూ అన్నీ నాపరాయే. కిందికి దిగితే రేవు. ఆ ఒడ్డున పాతిక గుడిసెల్లో బెస్తవాళ్లు ఉండేవాళ్లు. మేం రేవు జనం అనేవాళ్లం. అవతలి ఒడ్డు నిజాం ఇలాకా. మనుషుల్నీ మేకల్నీ పుట్టిలో ఎక్కించుకుని దాటించడం వాళ్ల పని. వెదురుతో గంప అల్లినట్టు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ ఆ పుట్టి. చేపలు పట్టేవాళ్లు. పుష్యమాసం వచ్చి ఏరు తగ్గి ఇసుక బయటపడితే ఆ ఇసుకలో పుచ్చ, దోస పెట్టేవాళ్లు. ఏడాదికి సరిపడా తిండి ఆ ఇసుకలో నుంచే రావాలి. ఎవరి ఇసుక ఎంతవరకో వాళ్లకు తాతల నాటి నుంచి గుర్తు. పట్టా లేదు, కాగితం లేదు. ఒడ్డున కాపురం ఉండటమే వాళ్ల హక్కు.

ఆ ఏడు శ్రావణం చివర్లో ఏరు పొంగింది. ఏటా పొంగేదే. అయితే ఆసారి తెల్లారి మొదలుపెట్టి మధ్యాహ్నానికి, ఒడ్డు మీద ఉన్న దిబ్బను కూడా ముంచేసింది. దిబ్బ మునగడం ఎవరూ ఎరగరు. గుడిసెలు పోయాయి, వలలు పోయాయి, గింజలు దాచుకున్న కుండలు పోయాయి. పుట్లు రెండు మిగిలాయి. ఇద్దరు ముసలివాళ్లు దక్కలేదు. మిగిలిన వాళ్లు తడిసిన బట్టలతో, పిల్లల్ని చంకనేసుకుని మా ఊరి చావిడి దగ్గరికి వచ్చి కూలబడ్డారు.

మా ఊళ్లో ఒక పెద్ద కాపు ఇంటి ఆవిడ ఉండేది. ఊరంతా పెద్దమ్మ అనేవాళ్లు. చిన్న వయసులోనే భర్త పోతే నాలుగు కాండ్ల ఎద్దులతో సేద్యం ఒంటిచేత్తో చేయించిన మనిషి. గొంతు పెద్దది. చావిడిలో మునసబు గారు ఇంకా గొంతు సవరించుకుంటుండగానే ఆమె పనివాళ్లతో పెద్ద గంగాళం తెచ్చి జొన్నంబలి కాయించింది. నాలుగు రోజులు ఊరు పెట్టింది. అయిదో రోజు నుంచి జనం మెల్లగా మొహాలు తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడైనా అంతే. అప్పుడు ఆమె నన్ను పిలిపించింది.

"మేస్త్రీ, వీళ్ల గుడిసెలు ఏటా కొట్టుకుపోతన్నాయి. గడ్డీ వెదురూ ఎన్నాళ్లు నిలుస్తాయి చెప్పు? ఊరి పక్కన మెరక మీద రాతి గదులు కట్టిద్దాం. మళ్లీ ఏరు ముట్టుకోకూడదు వీళ్లని."

"రాయి యాడిదమ్మా?"

"ఊళ్లో లేదా? నేను అడుగుతా."

ఆమె అడగడం చూసి తీరాలి. ఇంటికి వచ్చిన ఆడమనిషి మంచినీళ్లు కూడా తాగకుండా గడప దాటి పోతే ఆ ఇంటికి తలవంపులు మా వైపు. ఆమె దాన్నే పట్టుకుంది. అరుగు మీద కూర్చునేది. చెంబు తెచ్చి ఇస్తే పక్కన పెట్టేది. రాతిగని ఉన్న ఆసామి ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు.

"నీళ్లు పుచ్చుకో వదినా," అన్నాడు ఆసామి.

"దాహం లేదు. రాయి సంగతి చెప్పు."

"ఎండన పడొచ్చావు, ముందు తాగు."

"తాగితే లేచి పోవాలిగా. నాకు ఈడే బాగుంది. సాయంత్రం దాకా కూర్చుంటా. దారిన పోయేవాళ్లు అడుగుతారు, ఏందమ్మా నీళ్లు ముట్టకుండా కూర్చున్నావని. ఏం చెప్పమంటావు?"

ఆసామి భార్య లోపలి నుంచి, "ఇచ్చి పంపియ్యయ్యా, ఈమెతో పెట్టుకుంటే ఊళ్లో తలెత్తుకోలేం," అంది. ఆసామి నెత్తి గోక్కుని నలభై బళ్ల రాయి ఒప్పుకున్నాడు. అప్పుడు ఆమె చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. నిజానికి దాహంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అట్లా ఇంటింటికీ తిరిగి ఒకరి దగ్గర రాయి, ఒకరి దగ్గర సున్నం, ఒకరి దగ్గర బండి, బండి లేనివాళ్ల దగ్గర మూడు రోజుల ఒళ్లుపని రాబట్టింది. మా సాయిబుల ఇళ్లకూ వచ్చింది. మా అమ్మ ఇచ్చిన చెంబు కూడా ముందు పక్కనే పెట్టింది. మేం గానుగ సున్నం ఒప్పుకున్నాక మా ఇంటి నీళ్లు తాగింది. ఆ రోజుల్లో ఆ కులం ఆడమనిషి మా ఇంట్లో నీళ్లు తాగడం చిన్న సంగతి కాదు. ఎవరేమన్నా ఆమెకు లెక్క లేదు.

భాద్రపదం, ఆశ్వయుజం కూర్చోకుండా కట్టాను. పన్నెండు గదులు, గదికి రెండు సంసారాలు. మూరెడు మందం గోడ, పైన నాపరాతి బండలు, సందుల్లో గానుగ సున్నం. నాకు గర్వంగా ఉండేది. మా నాయన ఉంటే గోడ మీద చెయ్యి వేసి చూసేవాడు అనుకునేవాణ్ని.

రేవు జనంలో ఒక అవ్వ ఉండేది. వాళ్లలో ఏ మాటైనా ఆమెను దాటి పోదు. ఒంటి మీద మాంసం లేదు గానీ చేతులు మాత్రం తెడ్డు వేసిన చేతులు, తాళ్లలా ఉండేవి. ఒకనాడు కప్పు బండలు ఎక్కిస్తుంటే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది సాయిబూ, గోరీలు కడతన్నావా?"

నా కూలీలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "గోరీలు కాదవ్వా, మీకే ఇళ్లు."

"ఇంత బరువు నెత్తిన పెట్టుకుని నిద్రెట్టా పడద్దయ్యా?"

"వందేళ్లు నిలుస్తాయి."

"నిలవడం సరే. కప్పు ఎత్తేదెట్టా?"

"కప్పు ఎత్తడమేంది అవ్వా? కప్పు అనేది ఎత్తడానికా?"

ఆమె నా మొహంలోకి చూసింది, నేను తమాషా చేస్తున్నానేమోనని. చేయడం లేదని తెలిసి, "ఈ రాళ్లేవో ఆ దిబ్బ మీద పోస్తే పోయేదిగా," అని గొణుక్కుంటూ పోయింది. ముసలిదానికి వరదలో మతి చెదిరింది అనుకున్నాను. పెద్దమ్మతో చెబితే ఆమె కూడా, "పాపం, ఇల్లు పోయిన మనిషి, ఏదో అంటది," అంది. ఆ రోజే మేం ఇద్దరం ఆ అవ్వ పక్కన ఒక్క ఘడియ కూర్చుని, నువ్వు అన్నదేమిటమ్మా అని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అడగలేదు. పెట్టే చేతికి అడిగే ఓపిక తక్కువ ఉంటుంది. ఆ తప్పు మాదే.

గదులు పూర్తయ్యాక తాలూకా నుంచి రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి బాగున్నాయన్నాడు. ఒక కాగితం తీసి, "మేస్త్రీ, ఇళ్లు పూర్తయ్యాయి, మనుషులు ఉండటానికి అన్ని విధాలా పనికొస్తాయి అని రాసుకున్నాం. నీ వేలిముద్ర వెయ్యి," అన్నాడు. వేశాను. నా పని మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. ఆ కాగితంలో ఇంకా ఏముందో నాకు తెలియదు, నేను అడగలేదు. తరువాత నా నలభై రెండో ఏట మా చిన్న కూతురి పలక తీసుకుని అఆలు దిద్దాను. ఊళ్లో నవ్వారు, నవ్వనిచ్చాను. అప్పటి నుంచి చదవకుండా ఏ కాగితం మీదా చెయ్యి పెట్టలేదు.

కార్తీకంలో తాకీదు వచ్చింది. కరణం చావిడిలో చదివాడు. రేవు జనానికి ఊరి పక్కన పక్కా ఇళ్లు ఏర్పడ్డాయి. మేస్త్రీ వాంగ్మూలం కూడా ఉంది. ఇక ప్రమాదకరమైన ఏటి ఒడ్డున ఎవరూ కాపురం ఉండనక్కరలేదు. ఉండకూడదు. కాబట్టి ఆ ఒడ్డు, రేవు, ఇసుక సర్కారుకు చెందుతాయి. పుష్యంలో ఇసుక తేలగానే రేవుకూ ఇసుకకూ వేలంపాట పెట్టి, పాడుకున్న వాళ్లకు ఇస్తారు.

ఇంకా చావిడిలోనే తల దాచుకుంటున్న రేవు జనం అక్కడే విన్నారు. వాళ్లకు పాట పాడుకునే తాహతు ఎక్కడిది? అప్పటికే దాచేపల్లి వైపు నుంచి ఒక కంట్రాక్టరు మనిషి వచ్చి రేవు చూసి పోయాడని తరువాత తెలిసింది. పుష్యానికి వాళ్లు ఒడ్డున లేకపోతే పడవా పోయినట్టే, పుచ్చపాదులూ పోయినట్టే. రాతి గదుల్లో కూర్చుని రాళ్లు తినాలి.

ఆ మధ్యాహ్నమే అవ్వ పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను, పశువుల కొట్టం గోడ మాట్లాడటానికి. అవ్వ వాకిట్లో నిలబడే అడిగింది.

"అమ్మా, మేం నీకేం చేశాం?"

పెద్దమ్మ బిత్తరపోయింది. "నాకు చెయ్యడమేంది? నేను మీకోసమేగా ఎండన పడి ఊరంతా తిరిగింది."

"తిరిగావు, కాదన్లా. అంబలి పోశావు, బిడ్డలు బతికారు. కానీ నువ్వు ఇల్లిచ్చి మా ఏరు తీసుకున్నావు."

"నేను తీసుకోవడమేంది, ఏమే ముసలీ! గవర్మెంటోళ్లు తీసుకున్నారు. ఆ ఒడ్డున ఉంటే మళ్లీ కొట్టుకుపోరా మీరు? ఏటా పోవట్లా మీ గుడిసెలు?"

"ఏటా పోతన్నాయని ఎవురు చెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. మెరక మీద ఉన్న మేం వరద రోజుల్లో రేవుకు దిగం. నీళ్లు తీశాక వెళితే గుడిసెలు మళ్లీ ఉంటాయి. కొట్టుకుపోతే కొత్తవి వేసుకున్నారనే మా లెక్క. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి నేనూ అదే అనుకున్నాను.

అవ్వ చుట్టూ చూసి, వాకిట్లో ఉన్న జొన్నల గంప ఖాళీ చేసింది, అడగకుండానే. నాలుగు పుల్లలు నేలలో గుచ్చి గంపను వాటి మీద బోర్లించింది. "ఇది గుడిసె. మా కప్పు గోడల మీద ఉండదు. నాలుగు గుంజల మీద కూర్చుంటది, పుట్టి అల్లినట్టే అల్లుతాం, నాలుగు కట్లు. ఏరు వాసన మారితే కట్లు లాగుతాం." గంపను రెండు చేతులా ఎత్తి ఆమె అరుగు మీద పెట్టింది. "ఎనిమిది మందిమి ఎత్తుకుని దిబ్బెక్కుతాం. కప్పూ కుండా పిల్లా మేకా అన్నీ దిబ్బ మీద. నీళ్లు తీశాక దించుకుంటాం. మా అమ్మ పుట్టిందే ఆ దిబ్బ మీద, కప్పు కింద. ఈ ఏడు దిబ్బ మునిగింది కాబట్టి పోయినయ్. దిబ్బ పొట్టిదైంది. మాకు కావాల్సింది దిబ్బ."

పెద్దమ్మ ఆ గంపను చేత్తో ఒకసారి ఎత్తి దించింది. తరువాత నా వైపు తిరిగింది.

"మేస్త్రీ, ఆ కాగితం మీద వేలేశావా?"

"వేశానమ్మా."

"ఏం రాసుందో అడిగావా?"

"ఇళ్లు పూర్తయ్యాయని అన్నారు..."

"అడిగావా?"

"లేదు."

"నేనూ అడగలా. ఈమెను అడగలా. సరిపోయాం ఇద్దరం," అంది. ఆ మాటతో నన్ను తిట్టడం అయిపోయింది. నా తప్పు పక్కన తన తప్పు పెట్టింది. నాకు ఆమె కాళ్ల మీద పడాలనిపించింది.

ఆమె మరిది అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "అయిందేదో అయింది వదినా. ఊరంతా రాయిచ్చింది. ఇప్పుడు పోయి తప్పు కట్టామంటే మొహాన ఊస్తారు. మన ఇంటి పేరు ఏంగావాలి?"

"ఏమైద్ది? తప్పు చేసిన ఇల్లు అంటారు. చేశాంగా."

"వీళ్లే సర్దుకుంటారులే రెండేళ్లకి."

"నీ పొలం ఒకడు పాట పాడుకుంటే రెండేళ్లకి సర్దుకుంటావంట్రా?"

మరిది కండువా దులుపుకుని లోపలికి పోయాడు.

మర్నాటి నుంచి ఆమె మళ్లీ అవే ఇళ్లకు తిరిగింది. మొదటిసారి తిరగడం కంటే ఇది ఎంత కష్టమో చెప్పలేను. మొదటిసారి ఆమె పుణ్యం పంచుతూ వచ్చింది. రెండోసారి, "మీరిచ్చిన రాయితో నేను తప్పుడు పని చేయించాను. ఆ గదులు విప్పి ఆ రాయి దిబ్బకు తోలుకుంటాం. మీ ఒప్పుదల కావాలి," అని చెప్పాలి. పల్నాటి పెద్దకాపుల్లో మగవాడెవడైనా చచ్చినా ఆ మాట అనడు. గనుల ఆసామి ఎగిరిపడ్డాడు.

"ఆటలుగా ఉందా వదినా? కట్టడమేంది, విప్పడమేంది? నా నలభై బళ్ల రాయి!"

"నీ రాయి యాడికీ పోదు. రెండు మైళ్లు కిందికి పోద్ది."

"ఊరు నవ్వుద్ది."

"నన్ను చూసి నవ్వుద్ది. నువ్వెందుకు వణుకుతావు?"

నీళ్ల చెంబు ఈసారి కూడా పక్కనే పెట్టింది. ఆసామి ఆ చెంబు వైపు చూసి, "ఓసి దేవుడా," అని తల పట్టుకున్నాడు. ఒప్పుకున్నాడు. కొందరు ఒప్పుకోలేదు, ఆమె మొహం మీదే తలుపు వేశారు. ఒకావిడ, "మొగుడు లేని పెత్తనం ఇట్టాగే ఉంటది," అని వినపడేలా అంది. పెద్దమ్మ విన్నది. అడుగు కూడా ఆపలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఆమె మెడ నరం మాత్రం ఒక్కసారి కదిలింది.

తాకీదు రద్దు కాకుండా రాయి కదిపినా లాభం లేదు. ఆ నెలలోనే పై ఆఫీసరు గురజాలలో కాంపు వేశాడు. అర్జీలు వింటాడని తెలిసి పెద్దమ్మ, అవ్వ, నేను బండి కట్టుకుని వెళ్లాం. ఆఫీసరు మద్రాసు వైపు మనిషి, చిన్నవాడు. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నట్టు మాట్లాడేవాడు. అర్జీ చదివి కళ్లజోడు తీశాడు.

"ఏమమ్మా, గృహములు తామే కట్టించి, ఇప్పుడు తామే వద్దనుచున్నారా?"

"అవును బాబూ. కట్టించేముందు వాళ్లను అడగలా. తప్పు మాది. మా తప్పుకు వాళ్ల రేవు తీసుకుంటారా మీరు?"

"ఈ మేస్త్రీ అవి నివాసయోగ్యములని వ్రాసి ఇచ్చినాడు గదా?"

నేను చేతులు కట్టుకుని చెప్పాను. "రాసింది నేను కాదు దొరా. వేలు నాది. గదులు గట్టివే, నా పని మీద నాకు అనుమానం లేదు. వాళ్లకు పనికిరావు. పనికొస్తాయని చెప్పడానికి నేనెవణ్ని? నేను ఏటి మీద ఒక్క రోజు బతకలా."

"ఆ దిబ్బ మునిగినది. మరల మునిగిన ప్రాణనష్టమునకు ఎవరు బాధ్యులు?"

అది నిజమైన ప్రశ్న. అందుకే ఆయన మీద నాకు గౌరవం. అవ్వ ముందుకొచ్చింది. "అయ్యా, నీళ్లు దిబ్బ మీద నా నడుం దాకా వచ్చినయ్. అంతకు మించి రాలా. నేను నిలబడే ఉన్నా."

నేను అన్నాను, "పన్నెండు గదుల రాయి ఉంది. చుట్టూ కట్టు కట్టి లోపల మట్టి పోసి ఆ దిబ్బను నిలువెత్తు లేపుతా."

ఆఫీసరు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "కప్పులు ఎత్తుట అనునది నేను ప్రత్యక్షముగా చూడవలెను," అన్నాడు. చూడటానికి వస్తాడని మేం కలలో కూడా అనుకోలేదు.

మూడో రోజు పొద్దున గుర్రబ్బండిలో వచ్చాడు. ఆ మూడు రోజుల్లో రేవు జనం పెద్దమ్మ ఇచ్చిన వెదురుతో ఒక కప్పు అల్లి, పాత చోటే నాలుగు గుంజల మీద కూర్చోబెట్టారు. పైన తాటాకు పరిచారు. అవ్వ కేక వేసింది. నాలుగు కట్లు ఒక్క లాగుతో ఊడాయి. మగవాళ్లు ఆరుగురు కిందికి దూరారు, రెండు చోట్లు ఖాళీగా మిగిలాయి. ఎత్తే ఈడున్న మిగతా మగవాళ్లు రెండు పుట్లూ వేసుకుని అవతలి ఒడ్డుకు మేకలు దాటించడానికి పోయారు. అవ్వ నా వైపు చూసింది. నేను వెళ్లి ఒక మూల భుజం పెట్టాను. రెండో మూలకు ఆమె ఆఫీసరు వెంట వచ్చిన బిళ్ల బంట్రోతును పట్టుకుంది.

"ఏందయ్యా, నడుముకు పటకా కట్టుకుని చోద్యం చూస్తన్నావు? రా, పట్టు."

"నేను సర్కారు నౌకర్ని!"

"అయితే సర్కారు మూల పట్టు."

ఆఫీసరు మొదటిసారి నవ్వాడు. బంట్రోతుకు తప్పలేదు. కప్పు లేచింది. ఇంటి కప్పంటే అదొక కదలని వస్తువని ముప్పై ఏళ్లు నమ్మిన మేస్త్రీని నేను. అది నా భుజం మీద గాలిలో లేచి, కాస్త ఊగి, ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టేసరికి నా కాళ్లు తడబడ్డాయి. ఎనిమిది మంది అడుగు ఒక్కటైతేనే అది నడుస్తుంది. ముందున్నవాడు "హూ" అంటే అందరం ఎడమకాలు. నా అడుగు తప్పినప్పుడల్లా వెనకనుంచి అవ్వ, "సాయిబూ, గోడ కాదు అది, ఒళ్లు వదులు చెయ్యి," అని అరిచింది. ఆడవాళ్లు కుండలూ పిల్లల్నీ పట్టుకుని మాకంటే ముందే ఎక్కేశారు. దిబ్బ మీద దించి వెనక్కి చూస్తే కింద నాలుగు గుంజలు మాత్రమే మిగిలాయి. ఒక చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

ఆఫీసరు దిబ్బ చుట్టూ నడిచాడు. నీళ్ల మట్టం మరక ఒక రాయి మీద ఉంటే చేత్తో కొలిచాడు. చివరికి చెప్పాడు: ఇసుక తేలేలోపు దిబ్బ నిలువెత్తు లేచి, ఇనస్పెక్టరు కొలిచి సరే అంటే పాట ఉండదు, రేవు జనం ఒడ్డునే ఉంటారు. లేవకపోతే తాకీదు తాకీదే.

అప్పటికి మార్గశిరం వచ్చేసింది. గదులు విప్పడం మొదలుపెట్టాను. గానుగ సున్నంతో కట్టిన గోడ విప్పడమంటే కట్టడం కంటే కష్టం. నా పని గట్టిదనానికి నన్ను నేనే తిట్టుకున్నాను. బళ్లు దిబ్బకు అర మైలు దూరంలో బురదలో దిగబడితే అక్కడి నుంచి రేవు జనం బండలను వెదుళ్లకు కట్టి కప్పు మోసినట్టే మోశారు. మాతో పంతానికి తలుపులు వేసుకున్న ఇళ్లవాళ్లలో కొందరు, ఎవరూ పిలవకుండానే, మధ్యలో బళ్లు తోలుకొచ్చారు. గనుల ఆసామి అయితే ఇచ్చిన నలభై కాక ఇంకో పది బళ్లు తోలించి, "ఇది కూడా విప్పుతావా వదినా?" అని అడిగి పోయాడు. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చునేది. ఊరికే కూర్చోలేదు. మట్టి తట్టలు అందించింది. ఆమె ఇంటి ఆడవాళ్లు అంతకుముందు తట్ట ముట్టి ఎరగరు. రోజుకొకసారి అవ్వను పిలిచి, "ఇంకా లేపాలా? ఈ పక్క మెట్లుండాలా, ఏటవాలుండాలా?" అని అడిగేది. అవ్వ ఏటవాలే ఉండాలంది, మెట్ల మీద కప్పు మోసేవాళ్ల అడుగు కలవదని. నేను మెట్లు అప్పటికే సగం కట్టాను. అవి కూడా విప్పాను.

పుష్యం రెండో వారంలో ఏరు పక్కకు జరిగింది. మధ్యలో ఇసుక వీపు తేలింది. కంట్రాక్టరు మనిషి గొడుగు వేసుకుని వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. మేం ఇంకా చివరి వరస రాళ్లు పరుస్తున్నాం. మర్నాడు ఇనస్పెక్టరు గొలుసు తెచ్చి నాలుగు మూలలా కొలిచాడు. ఒక మూల జానెడు తక్కువ వచ్చింది. పెద్దమ్మ పైట దోపుకుని దిగి తట్ట ఎత్తుకుంది. ఆమె వెనక మేం. ఇనస్పెక్టరు గొలుసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, జాము పొద్దెక్కేదాకా. అంతా అయ్యాక మళ్లీ కొలిచి తల ఊపాడు. కంట్రాక్టరు మనిషి గొడుగు మూసి దాచేపల్లి దారి పట్టాడు.

పాట రద్దయిందనీ, రేవు జనం నివాసానికీ పడవకూ ఇసుక సాగుకూ అభ్యంతరం లేదనీ తాకీదు వారం లోపలే వచ్చింది. కరణం దిబ్బ మీదికి వచ్చి చదవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ అన్నిటికంటే ముందు నిలబడి, "మెల్లగా చదువు, మధ్యలో ఏదీ మింగొద్దు," అంది. అతను రెండు వాక్యాలు చదివేసరికి అభ్యంతరం లేదు అన్న మాట వచ్చింది. అంతే. అవ్వ లేచింది. అరువు తెచ్చుకున్న విత్తనాల మూట నడుముకు కట్టుకుని ఏటవాలు దిగింది. ఆమె వెనక ఒక్కొక్కరే, ఆ తరువాత అందరూ. కరణం ఇంకా తేదీలూ దస్తావేజు నంబర్లూ చదువుతూనే ఉన్నాడు, వినడానికి పెద్దమ్మా నేనూ మాత్రమే మిగిలాం.

"జనం పోయారు, చాలా ఇంక?" అన్నాడు కరణం.

"చివరిదాకా చదువు," అంది పెద్దమ్మ.

అతను చదివాడు. కింద ఇసుకలో రేవు జనం మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో ఇసుక పక్కకు తోస్తూ, ఎవరి గుంటలు వాళ్లు తవ్వుకుంటున్నారు.